మాల్యాద్రి తాత రెండో చరణం

"అది దెయ్యం కాదు సార్, లేటెన్సీ. శబ్దం ఆలస్యంగా రావడం," అంది నవ్యశ్రీ, నవ్వు ఆపుకోలేక.

హెన్రీకి ఒళ్ళు మండింది. ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా బస్సులో గిటారు ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. రికార్డింగ్ సెంటర్‌లో పనిచేసే ఈ అమ్మాయి ఇట్లా నవ్వుతుందనుకోలేదు.

"నేను తీగ మీటినాక, వెనకాల ఇంకెవరో మీటినట్టు వినబడతాండాది. మా ఇంటికొచ్చి విని, అప్పుడు నవ్వండి."

"వస్తా. శనివారం వస్తా."

అన్నట్టే శనివారం మధ్యాహ్నం వచ్చింది. కొండ మీద మబ్బు కూర్చుని ఉంది. పట్టపగలే ఇంట్లో లైటు వేయాల్సి వచ్చింది.

హెన్రీ రికార్డు చేస్తున్నది వాళ్ళ తాత మాల్యాద్రి పాట. పెళ్ళయిన ఏడాది, లిదియమ్మ అవ్వ కోసం ఆయనే గిటారు మీద కట్టాడు. ఆయన పోయి ఆరేళ్ళు. పల్లవి, మొదటి చరణం హెన్రీకి వచ్చు. రెండో చరణం బాణీ మాత్రం తాతతోనే పోయింది. "మాటలు నోట్లోనే ఉండాయి నాయనా, రాగమే రాలా," అంటుంది అవ్వ. ఆమె గొంతు ఆడుతుండగానే ఉన్నంతైనా రికార్డు చేయాలని అతని ఆరాటం.

నవ్యశ్రీ లాప్‌టాప్ ముందు కూర్చుంది.

"మీ గిటారు శబ్దం ఇందులోకి పోయి, ఈ సాఫ్ట్‌వేర్ యాంప్లిఫయర్‌లో తిరిగి, మళ్ళీ మీ చెవికి రావాల. దారిలో ఎక్కడ ఆగతాందో చూస్తాం. అయ్యో, బ్లూటూత్ పెట్టుకున్నారా! సగం ఆలస్యం దీందే."

అది లాగేసి వైరు హెడ్‌ఫోన్స్ పెట్టింది. ఆడియో డ్రైవర్ మార్చింది. శబ్దాన్ని కాసేపు ఆపిపెట్టే, వెయ్యి ఇరవై నాలుగున్న బఫర్‌ను అరవై నాలుగుకు దించింది.

"ఇప్పుడు మీటండి."

వేలు కదలడం, శబ్దం రావడం ఒక్కసారే. హెన్రీ మొహం వెలిగిపోయింది.

"పోయిందా దెయ్యం?" కళ్ళెగరేసింది.

మొదటి చరణం వరకు వాయించి, స్పీకర్లలో పెట్టి విన్నారు. అతని గిటారు వెనకాల మరో గిటారు, మెత్తగా, రవ్వంత ఆలస్యంగా.

నవ్యశ్రీ నవ్వు ఆగిపోయింది. హెన్రీ ట్రాక్‌ను మ్యూట్ చేసింది. అతని గిటారు ఆగింది. రెండోది ఆగలేదు. స్పీకర్ల వైరు పీకేసింది. అప్పుడూ ఆగలేదు. మొదటి చరణం అయిపోయింది. ఆ గిటారు మాత్రం అక్కడ ఆగకుండా ముందుకు పోయింది, హెన్రీ ఎన్నడూ వినని బాణీలోకి.

గుమ్మంలో మజ్జిగ గ్లాసులతో నిలబడి ఉంది అవ్వ. గ్లాసులు కింద పెట్టి, కళ్ళు మూసుకుని, రెండో చరణం అందుకుంది.

ఐసుగడ్డ లాంటి చెయ్యి హెన్రీ మణికట్టును గట్టిగా పట్టుకుంది. నవ్యశ్రీ రెండో చేత్తో మైకు ముందుకు జరిపి, రికార్డు బటన్ నొక్కింది.

పాట అయిపోయింది. గిటారు కూడా ఆగింది.

"ఆయనెప్పుడూ అంతే, రవ్వంత వెనకాలొస్తాడు," అంది అవ్వ కళ్ళు తుడుచుకుంటూ. "భయపడబాక తల్లీ. ఇంటికొచ్చిన పిల్లను ఏమీ చేసే మనిషి కాదు." మెల్లగా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

స్పీకర్ల వైరు మళ్ళీ తగిలించి, రికార్డయింది వేసి చూశారు. అవ్వ గొంతు ఒక్కటే ఉంది. గిటారు లేదు. అయితేనేం, బాణీ మొత్తం ఆమె గొంతులోకి వచ్చేసింది.

"భయమేసిందా?" అడిగాడు హెన్రీ.

"చచ్చేంత."

"మరి లేచి పోలేదే?"

"నిన్నొక్కడినే వదిలేసి ఎట్టా పోయేది?"

'సార్' పోయి 'నువ్వు' వచ్చింది. బయట చినుకులు మొదలయ్యాయి.

"నువ్వు రోజూ ఇట్టా పక్కనుంటే బాగుండుననిపిస్తాండాది నాకు. నవ్వబాక, నిజంగానే చెప్తాండా."

నవ్యశ్రీ నవ్వలేదు. అతని మణికట్టూ వదల్లేదు.

"మా నాయన లారీ తీసుకుని మర్రిపాడు పోయినాడు. రేపు ఆదివారం వస్తాడు. వచ్చి అడుగు," అంది. గిటారు వైపు చూసి, "అవ్వను తీసుకురా. గిటారు మాత్రం తేబాక, మా నాయనకు పాటలంటే పడదు."