గడి బావి మొదటి చేద

కోరుట్ల నుంచి జగిత్యాలకు పోయే దారిలో ఒకచోట రోడ్డు ఉన్నట్టుండి వంగుతుంది. ఆ వంపులో దొర విడిచివెళ్ళిన కోటలాంటి గడి ఒకటి, దాని ముందర ఒక బావి. పొద్దుగూకిన తరువాత అక్కడ ఎవరూ ఆగేవారు కారు. బస్సు డ్రైవర్లు హారన్ కొట్టేవారు కారు. బండ్లవాళ్ళు ఎడ్ల మెడల్లోని గంటలకు గడ్డి కుక్కి, చప్పుడు లేకుండా దాటేవారట.

"అక్కడ ఎవరినీ పేరు పెట్టి పిలువద్దు బిడ్డా" అనేది మా అమ్మమ్మ నాగవ్వ. ఆమె పుట్టిపెరిగిన ఊరు ఆ దరిదాపులదే.

ఆ బావి చెడ్డపేరు కొమురవ్వ వల్ల వచ్చింది. కొమురవ్వ గడికి వెట్టిగా నీళ్ళు మోసిన మనిషి. దొర ఇంటికి చుట్టాలు వచ్చారని, నెలలు నిండిన ఆమెను కూడా నీళ్ళకు పిలిచారు. నొప్పులు మొదలైనా ఆమె చేంతాడు వదల్లేదు. నిండిన చేద బరువుకు తూలి... చేదతో పాటే బావిలోకి వెళ్ళిపోయింది.

"బతికినన్నాళ్ళు అందరికీ తోడింది. ఆమెకు తోడిపోసినోళ్ళు ఒక్కరు లేరు. గందుకే, గా బాయిల ఎవరు నీళ్ళు తోడినా మొదటి చేద ఆమె పేరు మీద నేల మీద పొయ్యాలె. పొయ్యకపోతే—"

అమ్మమ్మ అక్కడ ఎప్పుడూ ఆగిపోయేది.

ఆ బావి దగ్గర మా తాత రాజమౌళికి జరిగింది ఇది. ఆయన నోట ఒక్కసారి, అమ్మమ్మ నోట చాలాసార్లు విన్నాను. విన్నది విన్నట్టే చెబుతున్నాను.

అవి అన్నల, అంటే నక్సలైట్ల, కాలపు రోజులు. దొరలు గడులకు తాళాలు వేసి పట్నం చేరుకున్నారు. పగలు పోలీసు జీపులు, రాత్రి అన్నల అడుగులు... రెండింటి నడుమ ఊళ్ళు ఊపిరి బిగబట్టుకుని బతికేవి.

తాత సిరిసిల్లలో సాంచాల మేస్త్రి. మరమగ్గాలను మా ఊళ్ళో సాంచాలు అంటాం. ఆయన పనిచేసే కార్ఖానా భీమయ్య సేటుది. సేటు ఒకసారి బట్టల బేరానికి బొంబాయి వెళ్ళి, ముచ్చటపడి ఒక ఎర్రటి స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాడు. విదేశీ బండి. నేలను రాసుకుంటూ పోతున్నట్టుండేది. రెండే తలుపులు, రెండే సీట్లు. దాన్ని బాగుచేసేవాడు సిరిసిల్లలో ఎవడుంటాడు? "సాంచె మాట వింటది నీకు, కారు వినదా?" అని సేటు దాన్ని కూడా తాత చేతిలోనే పెట్టాడు.

ఇంజను వేడెక్కకుండా దాని చుట్టూ నీళ్ళు తిప్పే వాటర్ పంపు అరిగిపోతే, బొంబాయి నుంచి కొత్తది తెప్పించి తాతే బిగించాడు. ఏండ్ల తరబడి నడవవలసిన పంపు అది. బిగించి ఎన్నో రోజులు కాలేదు.

అంతలో అన్నలు బందుకు పిలుపునిచ్చారు. బస్సులు ఆగిపోయాయి. ఆ సాయంత్రమే కోరుట్ల నుంచి సేటు ఇంటికి ఫోను వచ్చింది.

మా అమ్మ సత్యవ్వకు అప్పుడు తొలిచూలు. అత్తగారి ఊరు కోరుట్ల నుంచి ఆమెను పుట్టింటికి తోలుకురావడానికి వెళ్ళిన అమ్మమ్మ, బందు వల్ల అక్కడే చిక్కుకుపోయింది. నొప్పులు నెల ముందే వచ్చాయి. నెత్తురు ఆగడం లేదు. మంత్రసాని చేతులెత్తేసింది. జగిత్యాల పెద్దాసుపత్రికి చేరిస్తే తప్ప బతకదట. బందు నాడు బండి తీసే ధైర్యం ఆ ఊళ్ళో ఎవరికీ లేదు.

తాత వెళ్ళి సేటు ముందు నిలబడ్డాడు. కారు వైపు చూశాడు.

"రోడ్డు మీద బండి కనపడితే కాలవెడ్తరు. ఎరికేనా?" అన్నాడు సేటు.

"ఎరికే సేటు."

సేటు తాళంచెవి ఆయన అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. "ముందుగాల పిల్లను ఆసుపత్రిల దించు. తర్వాత కాలితే కాలనియ్యి."

తాత కోరుట్ల చేరేసరికి ఊరు మాటు మణిగింది. అమ్మను ఎత్తుకొచ్చి పక్క సీటులో పడుకోబెట్టారు. అమ్మమ్మ తలుపు పట్టుకుని నిలబడింది.

"నేనెక్కడ కూసోవాలె?"

"జాగ లేదే."

"గింత పొడుగు బండిల తల్లికి జాగ లేదా? ఏం బండయ్యా గిది... పెండ్లికొడుకు చెప్పు లెక్క, సోకుకు తప్ప ఎందుకూ పనికిరాదు!" అంటూ కారు కప్పును అరచేత్తో కొట్టింది. కొట్టిన చేతితోనే కళ్ళు తుడుచుకుంది. తరువాత తల లోపలికి వంచి, చెవిలో చెప్పినట్టు అన్నది—

"గడి మలుపు కాడ ఆగకు. ఏమన్న కానీ... ఆగకు."

కోరుట్ల దాటాక మొదలైంది ఆ చప్పుడు.

సన్నగా... ఎవరో ఆడమనిషి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నట్టు.

"నాయినా... ఎవరు ఏడుస్తున్నరు?" అమ్మ గొంతు పీలగా వచ్చింది.

"ఎవరు లేరు బిడ్డ. గాలి."

గాలి లేదు. రోడ్డు పక్క మక్కచేనులో ఒక్క ఆకు కూడా కదలడం లేదు.

తాత వేగం పెంచాడు. ఏడుపు పెరిగింది. తగ్గించాడు. ఏడుపు తగ్గింది. కానీ ఆగలేదు. వెనుక విడిచిపోవడం లేదు, ముందు ఎదురు రావడం లేదు. కారుతో పాటే, కారంత వేగంగా వస్తున్నది.

దూరాన గడి గోడలు కనిపించాయి. ఏడుపు కేకగా మారింది. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆ కేక చెవులు చిల్లులు పడేటట్టు లేచి... పుటుక్కున తెగింది.

మరుక్షణం కారు ముందు భాగం నుంచి తెల్లటి ఆవిరి ఎగసి అద్దాన్ని కమ్మేసింది. వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగింది.

సరిగ్గా గడి ముందు.

తాత దిగి బానెట్ ఎత్తాడు. టార్చి వెలుతురులో పంపు కింద నుంచి చివరి చుక్కలు రాలుతున్నాయి. పంపు చక్రం ఊడబోయే పన్నులా ఊగుతున్నది. దాన్ని తిప్పే బెల్టును బొటనవేలితో నొక్కి చూశాడు. అది కదల్లేదు. పడుగు పోగులా బిర్రుగా ఉంది.

అప్పుడు ఆయనకు తెలిసింది. సాంచె మోటారుకు బెల్టును బిర్రుగా లాగి కట్టాలి. వదులైతే సాంచె దెబ్బ తప్పుతుంది, బట్ట చెడుతుంది. సిరిసిల్ల చేతులకు వదులు అంటే తప్పు. కానీ కారు బెల్టు వేలు నొక్కితే కొంచెం లోపలికి పోవాలి. పోకపోతే ఆ లాగుడంతా పంపు ఇరుసు మీద పడుతుంది. కొత్త పంపును తాను బిగించలేదు... గొంతు పిసికాడు. ఇంతసేపూ ఏడ్చింది అదే.

తన చేతులే తన బిడ్డ దారికి అడ్డంపడ్డాయి.

పానా తీసి, వేళ్ళు కాలుతున్నా బెల్టును వదులు చేశాడు. చక్రం ఊగుతూనే అయినా తిరిగింది. నీళ్ళు పోస్తే, నెమ్మదిగా పోనిస్తే, జగిత్యాల చేరవచ్చు.

నీళ్ళు—

"నాయినా... దూపైతుంది" అన్నది అమ్మ.

తాత వెనక్కి తిరిగి గడి వైపు చూశాడు.

కూలిన ప్రహరీ దర్వాజ దాటి బావి దగ్గరికి నడిచాడు. గిలక లేదు. చేంతాడు లేదు. గట్టు మీద టార్చి వేయబోతే అది ఒకసారి మిణికి ఆరిపోయింది.

"నీళ్ళకా?"

చీకట్లోంచి వచ్చింది ఆ గొంతు. ఆడగొంతు. తాత ఒక అడుగు వెనక్కి వేశాడు.

గట్టు పక్కన ఒక మనిషి లేచి నిలబడింది. చీర గోచీ బిగించి ఉంది. చేతిలో చేద. చేంతాడు తడిసి బొట్లు కారుతున్నది. చుక్కల మసక వెలుగులో ముఖం ఆనలేదు. పొడి దగ్గు ఒకటి దగ్గింది.

ఆ దగ్గు విని తాతకు ప్రాణం లేచివచ్చింది. దయ్యాలు దగ్గుతాయా? అన్నల దళాల్లో ఆడవాళ్ళు కూడా ఉన్నారని ఆయన విని ఉన్నాడు. పాడుపడ్డ గడి కంటే, దానికున్న చెడ్డపేరు కంటే మంచి దాపు ఇంకేముంటుంది?

"అక్కా... నా బిడ్డ—"

"ఎరికే. ఏడుపు ఇన్న."

"అది బండి ఏడుపు అక్కా."

"ఏ ఏడుపైతేంది" అన్నది ఆమె.

చేద దించి, తోడి, గట్టు మీద పెట్టింది. తాత ఆత్రంగా అందుకోబోయాడు.

"మొదటి చేద ఎవరిది?" అన్నది ఆమె నిదానంగా.

తాత కారు వైపు చూశాడు. అవతల బిడ్డ నెత్తురు పోతున్నది. ఇవతల నీళ్ళు. అయినా ఇన్నేళ్ళు అమ్మమ్మ నోట విన్న మాట ఆయనను ఆపింది. చేదను వంచి నేల మీద పోశాడు. ఆ నేల గుటుక్కున తాగింది. తడి కూడా మిగల్లేదు.

రెండో చేద తీసుకుని కారు వైపు పరుగెత్తాడు. వెనుకే ఆమె వచ్చింది.

"ఇంజనుకు ఇప్పుడే పొయ్యకు, పగులుతది. పిల్లకు తాపు ముందు."

తాత దోసిటితో అమ్మకు తాగించాడు. ఆ మనిషి కారులోకి వంగి, తన కొంగు పర్రున చింపింది. అమ్మ కడుపు మీద, నడుము చుట్టూ ఏదో ఒడుపుతో అదిమి, పేలికను బిగించి కట్టింది. అమ్మ ఒక్కసారి మూలిగి, ఊపిరి తీసుకుంది.

"అక్కడ వదులు చేసినవు గదా. ఇక్కడ బిగియ్యాలె" అన్నది.

బెల్టు సంగతి ఆమెకు తాను చెప్పలేదని తాతకు ఆ క్షణాన తట్టలేదు.

ఇంజను చల్లారేదాకా ఆమె అమ్మ నుదుటి మీద చేయి వేసి నిలబడింది. ఆ తరువాత తాత నీళ్ళు పోసి తాళం తిప్పాడు. కారు కదిలింది. ఏడుపు లేదు.

"నీ పేరు చెప్పక్కా. బతికున్నన్ని దినాలు తలుచుకుంట."

"పేరెందుకు? ఎవరన్న అడిగితే దయ్యం కనపడ్డదని చెప్పు." ఆమె నవ్వింది. ఏ వాకిట్లోనైనా వినిపించే ఆడమనిషి నవ్వే అది.

జగిత్యాల పొలిమేరలో పోలీసులు ఆపారు. కారులోని నెత్తురు చూసి, ఎస్సై అమ్మను జీపులో ఆసుపత్రికి పంపించాడు. తాతను మాత్రం కదలనివ్వలేదు. ఆవిరి కక్కుతున్న బానెట్ వైపు చూశాడు.

"బండి వేడెక్కితే నీళ్ళెక్కడ పోసినవు?"

"గడి బాయిల సార్."

అన్న తరువాత నాలుక కరుచుకున్నాడు.

"పాడుపడ్డ గడిల చేద ఎవరిచ్చిండ్రు? పిల్లకు గంత పనిమంతపు కట్టు ఎవరు కట్టిండ్రు?"

నిజం చెబితే ఆమె పోతుంది. తన బిడ్డకు ఊపిరి పోసిన మనిషి.

"దయ్యం... సార్."

ఎస్సై ఆయన కాలర్ పట్టుకుని కారుకు అదిమాడు. "దయ్యం కట్టు కడ్తదిరా?"

"కడ్తది సార్. కొమురవ్వ దయ్యం. నొప్పులతోని బాయిల పడ్డది సార్. నొప్పులు పడే ఆడపిల్లను చూసి ఓర్వలేదు సార్. నా బిడ్డ మీద ఒట్టు."

చావుబతుకుల్లో ఉన్న బిడ్డ మీద, అబద్ధమని తెలిసీ ఒట్టు పెట్టాడు. పెట్టి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

ఎస్సై తుపాకులిచ్చి మనుషులను గడికి పంపాడు.

తాత ఆ ఎర్రకారు పక్కన నేల మీద కూలబడ్డాడు. ఒక చెవి ఆసుపత్రి వైపు, ఒక చెవి గడి వైపు. అటు నుంచి కబురు రావాలి... ఇటు నుంచి తుపాకి చప్పుడు రాకూడదు. కొమురవ్వ పేరే పదే పదే గొణుక్కున్నాడు.

తెల్లారుతుండగా ఆసుపత్రికి వెళ్ళిన జీపు తిరిగివచ్చింది. "ఆడపిల్ల. తల్లీ బిడ్డా బతికిండ్రు" అన్నాడు డ్రైవరు. తాత దండం పెట్టాడు గాని, కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి.

గడికి పోయినవాళ్ళు తిరిగివచ్చారు. ముందు నడిచిన కానిస్టేబులు లింగన్న ముఖం పాలిపోయి ఉంది.

"ఎవరు లేరు సార్."

తాత బిగబట్టిన ఊపిరి వదిలాడు.

"బాయి సుత లేదు సార్" అన్నాడు లింగన్న.

"లేదంటే?"

"దొర పోయిన్నాడే పూడిపిచ్చిండట. గట్టుదాక రాళ్ళు, మట్టి. నడుమ తుమ్మచెట్టు మొలిచింది సార్... నా అంత ఎత్తుంది."

ఎస్సై తాత వైపు తిరిగాడు. "మరి వీడు కారుల పోసిన నీళ్ళెక్కడియి?"

 అప్పుడు ఒక చప్పుడు వినిపించింది. ఎర్రకారు కింద, చెడిపోయిన పంపు నుంచి...

టప్... టప్...

లింగన్న వంగి, చేయి చాపి, ఒక చుక్కను అరచేతిలో పట్టాడు. అంత దూరం కాలిపోతూ వచ్చి, రాత్రంతా కారినా ఇంకా నీళ్ళు అయిపోని ఇంజను నుంచి రాలిన చుక్క.

"నీళ్ళే సార్" అన్నాడు గుసగుసగా. "లోతు బాయిల నుంచి... ఇప్పుడే తోడినట్టు సల్లగున్నయి."