వలతాడు చెప్పిన పేరు

1961 ఫిబ్రవరి పన్నెండు, ఆదివారం. నెల్లూరులో డిటెక్టివ్ పద్మనాభయ్య, సహాయకుడు క్రీస్తుదాసు పులిబొంగరాలు తింటుండగా చెంగయ్య అనే జాలరి వచ్చి చేతులు జోడించాడు.

"మా తమ్ముడి పెండ్లానికి మా ఇంటిది విషం పెట్టిందంటుండారు సామీ. రేపు పాలెం నుంచి ఎళ్లగొడతారంట."

ఆ బాలింత మస్తానమ్మ. కవల పిల్లలు పుట్టి మూడు నెలలు. శుక్రవారం నుంచి చేతులు, కాళ్లు బిగుసుకుపోతున్నాయి. మంత్రగాడు ఆమె జబ్బకు వలతాడు బిగించి, పాలెంలో అందరి పేర్లూ చదివాడు. చెంగయ్య భార్య నాగులమ్మ పేరు దగ్గర చెయ్యి వంకర పోయింది.

"ఆమె పేరు ఎన్నోది?" అన్నాడు పద్మనాభయ్య.

"కడాది సామీ. మా ఇల్లే పాలెం చివర."

పద్మనాభయ్య కారులో బయల్దేరి, దారిలో కావలి డాక్టరుగారిని వెంటబెట్టుకున్నాడు.

బాలింత గదిలో ఎండపొడ లేదు. వాకిట్లో నాగులమ్మ బట్టల మూట కట్టి ఉంది.

"పథ్యం ఏం పెడతున్నారమ్మా?" అని బాలింత అత్త ముసలమ్మను పద్మనాభయ్య అడిగాడు.

"ఎల్లుల్లికారం, అన్నం. పాలు, చేపలు ముట్టనీలా. కంట్లో పెట్టుకుని చూసుకుంటుండా."

నాగులమ్మ తల వంచుకుంది. "చిక్కిపోతుంటే చూడలేక ఎండు నెత్తళ్ల చేపపులుసు ముల్లుతో సహా తినిపించినా, పదిరోజులు. మంగళవారం అత్త చూసి కుండ పగలగొట్టింది."

మంగళవారం, శుక్రవారం. క్రీస్తుదాసు రాసుకున్నాడు.

పద్మనాభయ్య అందర్నీ వాకిట్లో కూర్చోబెట్టాడు. మస్తానమ్మను అనుమతి అడిగి, ఆమె జబ్బకు అదే తాడు బిగించి, గడియారం చూస్తూ తన పేరొక్కటే పలుకుతూ కూర్చున్నాడు. మూడో నిమిషంలో ఆమె బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుంది.

"నా పేరుకే బిగిసింది. విషం పెట్టింది నేనేనా?"

"నీ మొగం చూస్తే ఉప్పు కూడా సరిగా ఏసేట్టు లేవు సామీ," అన్నాడొక ముసలాయన.

తాడు విప్పి, డాక్టరు నరానికి మెల్లగా కాల్షియం ఇంజెక్షన్ ఇచ్చాడు. వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి.

"ఇద్దరికి పాలిచ్చే తల్లికి పాలూ ఎండా లేక ఒంట్లో సున్నం తగ్గింది," అన్నాడు పద్మనాభయ్య. "అది తగ్గితే కండరాలు ఇలా బిగుస్తాయి. తాడు బిగిస్తే మరీ త్వరగా. మంత్రగాడు కడపటి పేరుకు వచ్చేసరికి ఆ మూడు నిమిషాలూ అయ్యాయి. నెత్తళ్ల ముల్లులో ఉన్నది ఆ సున్నమే. విషమైతే, పులుసు మానాక జబ్బు రాదు."

ముసలమ్మ మస్తానమ్మ చెయ్యి పట్టుకుంది. "అయితే చేసింది నేనా నాయనా?"

"మీ అమ్మ మీకు చేసినట్టే చేశారు. రేపటినుంచి ఆమెకు పాలివ్వండి, ఎండలో కూర్చోబెట్టండి."

దీపాల వేళ కారెక్కబోతూ క్రీస్తుదాసు వెనక్కి చూశాడు. ముసలమ్మ వాకిట్లోని నాగులమ్మ మూట ఎత్తి చంకన పెట్టుకుంది.

"నిలబడ్డావేందే? పోయి నెత్తళ్లు నానెయ్యి."

నాగులమ్మ లోపలికి వెళ్లాక, పసివాళ్లు లేవకుండా ముసలమ్మ తలుపు మెల్లగా మూసింది.