ఊడని పలక

కాత్యాయని చేతిలో ప్లాస్మా టార్చి సన్నగా ఈల వేస్తోంది. దాని నీలి వెలుగు ఇత్తడి పలక వీపు మీద మెల్లగా పాకుతోంది. గాలిలోంచి కరెంటు పారిస్తే పుట్టే ఆ వెలుగు తగిలినచోట కంటికి కనపడని జిడ్డు పొర ఎగిరిపోతుంది. అలా శుభ్రపడిన రెండు ముఖాలను అదిమితే జిగురుతో పనిలేదు. రాయైనా ఇత్తడైనా ఏకమైపోతాయి.

ఆ అతుకు కనిపెట్టింది ఆమె తండ్రి వీరభద్రయ్య. ఆయన ఇంట తిని, ఆయన దగ్గరే పని నేర్చిన చిదంబరరావు, ఆయన పోగానే పేటెంటు తన పేర రాయించుకున్నాడు. ఇప్పుడు ఆమె పనిచేసే సంస్థకు డైరెక్టరు. సముద్రం మీద కొత్త వంతెనంతా ఆ అతుకుతోనే కట్టించాడు. తండ్రి పేరు మిగిలింది వంతెన మొదట్లో, ఆయన బతికుండగా చెక్కిన శంకుస్థాపన రాతి మీదే. ఏటా తద్దినం నాడు కాత్యాయని దండ వేసేది దానికే.

"పాత పేరు చెక్కేసి, పక్కన నాన్న పేరుతో వేరే రాయి పెట్టిస్తానన్నారు, బాబాయిగారూ," అంది కాత్యాయని, చిదంబరరావు పేరు చెక్కిన ఆ పలక మీద టార్చి తిప్పుతూ.

"ముహూర్తం దాటిపోతోందమ్మా. ఆ పేరు మీదే అతికించెయ్. మీ నాన్న ఏమనుకుంటాడు, పాపం."

వంతెన రాతి బిళ్లలకూ ఇదే తొందర. నాన్న పద్ధతిలో టార్చి మళ్లీ మళ్లీ తిప్పాలని ఆమె మొత్తుకున్నా, చిదంబరరావు ఒక్క చుట్టుతో కానిచ్చేశాడు.

పలకకు మాత్రం ఆమె తొందరపడలేదు. "స్వామీ నరసింహా, ఇతని పేరు ఇక్కణ్ణుంచి కదలకూడదు" అని తలుచుకుంటూ తండ్రి నేర్పినట్టే అతికించింది.

రెండో వానాకాలానికి బిళ్లలన్నీ పెచ్చుల్లా లేచి సముద్రంలో పడ్డాయి. అదృష్టం, ఎవరి ప్రాణమూ పోలేదు. వంతెన మూసేశారు. వచ్చేపోయేవాళ్లు ఊడని ఆ పలకకు చెప్పుల దండలు వేశారు.

చిదంబరరావు ఆమె గుమ్మంలోకొచ్చాడు. "నా మనవరాలు బడికెళ్లేది ఆ దారినే. పేరు చదువుకుని ఏడుస్తోంది. తీసెయ్యి తల్లీ."

"రాదు, బాబాయిగారూ. రాయి పగులుతుందిగాని అతుకు వదలదు. పేటెంటులో రాసుకున్నారుగా."

"అరగదీయించు."

"ఇత్తడి మందం చూశారా? పేరు లోతుగా ఉండాలని మీరే అన్నారు."

"అయితే ఆ రాయే పగలగొట్టించు."

ఆమె పెదవి మీదికొచ్చిన నవ్వు అక్కడే ఆగిపోయింది. పలక కింద రాతిలో ఉన్నది నాన్న పేరు.

"అదొక్కటీ అడక్కండి," అంది.

తద్దినం నాడు చామంతి దండతో వెళ్లింది. చెప్పులన్నీ తీసి, పలక కడిగింది.

"ఈ మహానుభావుడు మీకేమవుతాడమ్మా?" వెటకారంగా అడిగింది పక్కన ముంజెలమ్మే మనిషి.

కాత్యాయని చిదంబరరావు పేరుకే దండ వేసి, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంది.