రెండో అంతస్తు బావమరిది

పొద్దుగూకితే ఆ పాత లాడ్జి ముందు ఎవరూ నడవరు. తప్పక నడిచినా రెండో అంతస్తు కిటికీ వైపు తలెత్తరు. ఎత్తినవాడు మాత్రం వారం పాటు కనిపించినవాళ్ళందరికీ అదే చెబుతాడు — కిటికీలో ఒక మనిషి నిలబడి ఉంటాడట... నల్లకోటు, నెత్తిన ఇనప టోపీ... మొహం ఉండదట.

మొహం ఉండదన్న మాట నిజమే. గుడ్డకి మొహం ఎక్కణ్ణుంచి వస్తుంది!

అది ఫైర్‌స్టేషన్ వాళ్ళ బొమ్మ. లాడ్జి మూతపడ్డాక డ్రిల్లులకి వాడుకోండని ఓనరు ఆ భవనాన్ని వాళ్ళకి వదిలేశాడు. పనికిరాని నీళ్ళగొట్టాలు కోసి, మనిషి ఆకారంలో కుట్టి, కడుపునిండా ఇసుక కూరి, పాత కోటు తొడిగి, నెత్తిన ఇనప టోపీ పెట్టారు. పొగలో పడిపోయిన మనిషిని భుజాన వేసుకుని దించడం దాంతోనే నేర్చుకుంటారు. బరువు ఎనభై కిలోలు. ముద్దుపేరు బావమరిది. ఎందుకంటే పిలిస్తే పలకడు, కూర్చున్నచోటి నుంచి కదలడు, ఎప్పుడూ పక్కవాళ్ళే మొయ్యాలి.

ఆ పేరు పెట్టింది అక్కడి లీడింగ్ ఫైర్‌మన్. ఆయనకి స్టేషన్‌లో ఉన్న పేరు సైరన్. మనిషి రాకముందే గొంతు వస్తుంది కాబట్టి.

సైరన్‌కి ఊరంటే చులకన. చులకన చెయ్యడానికి ఊరు కూడా ఆయనకి బాగానే సాయపడింది. ఉంగరం వేలికి ఇరుక్కుంటే ఫోను. పిల్లి సన్‌షేడ్ మీద కూర్చుంటే ఫోను. లోపల తాళంచెవి పెట్టి తలుపు లాగేసుకున్న మహానుభావుడు అరగంట ఆలస్యమైందని వీళ్ళనే తిడతాడు. ఇరవై రెండేళ్ళు ఇవే చూసి చూసి, ఫోను మోగగానే సైరన్ ముందు పెదవి విరిచేవాడు, ఆ తర్వాతే బూట్లు వేసుకునేవాడు.

దెయ్యం సంగతి విన్నాక మరీ రెచ్చిపోయాడు. డ్రిల్లు అయ్యాక బొమ్మని మూలన పడుకోబెట్టాలి. ఈయన దాన్ని కిటికీ ఊచలకి తాడుతో కట్టి నిలబెట్టించేవాడు. "చూసి చావనీరా వెధవల్ని" అనేవాడు.

అనుకున్నట్టే ఫోన్లు మొదలయ్యాయి. లాడ్జిలో ఎవరో ఉన్నారండీ... కిటికీలోంచి చూస్తున్నారండీ...

స్టేషన్‌లో ఒక నియమం ఉంది. ఫోను మోగితే బండి కదలాలి. చేసినవాడు తాగుబోతైనా, పిచ్చివాడైనా సరే. రిజిస్టర్‌లో మూడు గడులుంటాయి — కబురు వచ్చిన టైము, బండి కదిలిన టైము, చేసిన పని. లాడ్జి ఫోన్లకి సైరన్ కొత్త పద్ధతి కనిపెట్టాడు. రెండో గడి ఖాళీగా వదిలేసి, మూడో గడిలో 'బావమరిది' అని రాయించేవాడు. కుర్ర ఫైర్‌మన్లు పొట్ట పట్టుకుని నవ్వేవారు. ఒక్క ఏడాదిలో పద్నాలుగు సార్లు రాశారు.

ఆ నెల డ్రిల్లులో కొత్తది నేర్పాడు. మూడో అంతస్తు చెక్కనేల కోసి, ఆ కంతలోంచి రెండో అంతస్తు గదిలోకి తాడు మీద దిగడం. అయిపోయాక కంత మీద పలకలు పరిచి, చుట్టూ తాడు కట్టాలి. అదీ నియమమే.

"ఈ దెయ్యాలకొంపకి ఎవడొస్తాడ్రా!" అన్నాడు సైరన్. కింద తలుపుకి తాళం వేసి వచ్చేశారు.

తర్వాత వారానికి లాడ్జి గురించి మళ్ళీ ఫోను వచ్చింది. రాత్రి తొమ్మిది. చేసింది లాడ్జికి ఎదురుగా గుడారాలు, బస్తాలు కుట్టే టైలరమ్మ.

"సార్... లాడ్జి కిటికీలో మనిషి... చెయ్యి ఊపుతున్నాడు సార్."

"ఊపనివ్వమ్మా. మా బావమరిదే. ఊసుపోక ఊపుతుంటాడు."

"అది కాదు సార్, మీ బావమరిది సంగతి నాకు—"

టక్కున పెట్టేశాడు. రిజిస్టర్‌లో మామూలు మాటే పడింది.

మర్నాడు ఆవిడ మిషను ఆపుకుని స్టేషన్‌కే వచ్చింది. సైరన్ లేడు. బడిలో పిల్లలకి పాఠం చెప్పడానికి వెళ్ళాడు. మెరిసే హెల్మెట్ పెట్టుకుని, ఫోటోకి ఒక పక్కగా నిలబడి, "పిల్లలూ, ఏ చిన్న అనుమానం వచ్చినా సరే, మాకు ఫోన్ చెయ్యండి. క్షణాల్లో మీ ముందుంటాం" అని చెబుతున్నాడు ఆ వేళకి. గేటు దగ్గర కుర్రాళ్ళు టైలరమ్మని చూసి ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుని, సారొచ్చాక చెబుతామన్నారు. చెప్పలేదు.

ఆ రాత్రి మళ్ళీ ఫోను. ఈసారి ఆవిడ గొంతు బాగా తగ్గిపోయింది, పక్కన ఎవరైనా వింటారేమోనన్నట్టు.

"అరుపు కూడా వినబడుతోంది సార్. రండి, రండి అంటున్నాడు... వీధిలోవాళ్ళు విని పరిగెత్తుతున్నారు. తాళం తీసేవాళ్ళు లేరు. తాళంచెవి మీ దగ్గరే ఉంది సార్..."

"అమ్మా, నువ్వు పొద్దుటినుంచి రాత్రిదాకా సూది వైపు చూస్తావు. కళ్ళు లాగేస్తాయి. పడుకో."

మూడో రోజు సాయంత్రం అసలు కబురు వచ్చింది. మర్నాడు పదింటికి పైఆఫీసరు తనిఖీకి వస్తున్నాడు. సైరన్‌కి స్టేషన్ ఆఫీసర్ పదవి ఇవ్వాలా వద్దా అన్నది ఆ తనిఖీతో తేలుతుంది. ఆ కుర్చీ కోసం ఆయన ఆరేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు.

రిజిస్టర్ తిరగేశాడు. మిగిలినవి ఎప్పటివో, ఎవరెవరివో... నెట్టుకురావచ్చు. కానీ వరసగా రెండు రాత్రులు, ఒకటే నంబరు, రెండూ ఖాళీ గడులే. అది దాగదు. పోయి ఆ బొమ్మని దించుకొచ్చేస్తే, 'తనిఖీ చేశాం, బొమ్మని తొలగించాం' అని రాసి ఊపిరి పీల్చుకోవచ్చు.

అంతే. మనిషి కోసం కాదు, గడి నింపడం కోసం లేచాడు.

డ్రైవర్ నాలుగు రోజుల సెలవు పూర్తయి ఆ సాయంత్రమే డ్యూటీలో చేరాడు. బండి మలుపు తిరుగుతుంటే అడిగాడు.

"ఎక్కడికన్నా?"

"లాడ్జికి. బావమరిదిని ఇంటికి తెచ్చుకోవద్దూ!"

"లాడ్జికా... అన్నా, నేను సెలవుకి వెళ్ళేముందు చంక దగ్గర కుట్టు ఊడిందని—"

"తెలుసురా. ఇసుక కారుతోందని పోయిన డ్రిల్లులోనే చూశాను. నోరు మూసుకుని రోడ్డు చూడు."

"అది కాదన్నా—"

"భయమైతే బండిలోనే కూర్చో."

డ్రైవర్ రోడ్డు చూశాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసుకి ఎదురు చెప్పి బాగుపడ్డవాడిని అతను చూడలేదు.

వీధి మొత్తం చీకటి. తలుపులన్నీ బిగించి ఉన్నాయి. ఒక్క టైలరమ్మ కొట్లోనే లైటు వెలుగుతోంది. బండి ఆగీ ఆగగానే ఆవిడ చేతిలో కత్తెరతోనే పరిగెత్తుకొచ్చింది.

"వచ్చారా సార్! ఈ రాత్రి చెయ్యి కూడా ఊపడం లేదు... మీ బొమ్మ—"

"అమ్మా." సైరన్ అరచెయ్యి ఎత్తాడు. "లోపలికెళ్ళి తలుపేసుకో."

సైరన్ ఆవిడ కొట్టు వైపు చూడనైనా చూడలేదు. తాళం తీశాడు. లోపలికి వెళ్ళాడు.

లోపల పాత పొగ వాసన. గోడలు మసి. అడుగు వేసినప్పుడల్లా మెట్టు కిర్రుమంటోంది... పైన ఎక్కడో ఇంకొకటి జవాబు చెబుతోంది. టార్చిలో బ్యాటరీలు కూడా అయిపోవచ్చాయి, వెలుతురు కాళ్ళ ముందు మూరెడు పడుతోంది. సైరన్ ఈల వేస్తూ ఎక్కాడు. దెయ్యాలు లేవని తెలిసినవాడి ఈల.

రెండో అంతస్తు. ఎడమవైపు గది. తలుపు తోశాడు.

కిటికీ దగ్గర ఎవరూ నిలబడి లేరు.

ఈల ఆగింది. టార్చి కిందికి తిప్పాడు. కిటికీ కిందే, గోడకి చేరగిలబడి ఉన్నాడు బావమరిది. ఊడిపోయిన కర్టెన్ ఒకటి నెత్తి మీదినుంచి కాళ్ళ దాకా కప్పుకుని ఉంది. తాడు తెగి కూలబడిందన్నమాట.

"దొరవారు దుప్పటి ముసుగేశారే!" అన్నాడు సైరన్. "లే. రేపు పైఆఫీసరుకి నీ మొహం చూపించను గాని, లే."

ముసుగు తియ్యలేదు. బొమ్మ మొహం చూసేదేముంది! టార్చి నోట కరుచుకుని, కర్టెన్‌తో సహా చంకల కింద చేతులు వేసి, కుర్రాళ్ళకి ఇరవై రెండేళ్ళుగా నేర్పినట్టే ఒక్క ఊపులో భుజాన వేసుకున్నాడు.

తేలిగ్గా వచ్చేసింది.

"సగం ఇసుక కారిపోయింది కదరా నీకు... చిక్కిపోయావు" అని టార్చి పళ్ళ మధ్యనుంచే గొణిగి, వీపు మీద ఒక్కటి చరిచాడు.

ఎక్కడో ఏదో మూలిగింది.

సైరన్ ఆగాడు. విన్నాడు... ఏమీ లేదు. మెట్లే. పాత చెక్క అలాగే మూలుగుతుంది. దిగడం మొదలుపెట్టాడు.

కిందినుంచి డ్రైవర్ కేక. "అన్నా! అన్నా, ఆగు! అది... అది ఇక్కడుందన్నా!"

"పిరికివెధవ" అనుకున్నాడు సైరన్. ఆగలేదు.

మెట్ల మలుపులో వీధి వైపు ఒక చిన్న కిటికీ ఉంది. అద్దం ఎప్పుడో పగిలిపోయింది. ఊపిరి తీసుకోవడానికి అక్కడ ఒక్క క్షణం నిలబడ్డాడు. ఎదురుగా టైలరమ్మ కొట్టు, తలుపులు బార్లా తెరిచి, తెల్లటి లైటు.

లోపల మిషను పక్కన కుర్చీలో... ఒకడు కూర్చుని ఉన్నాడు.

నల్లకోటు. నెత్తిన ఇనప టోపీ. మొహం లేదు. ఒక చెయ్యి ఊడదీసి బల్ల మీద పెట్టి ఉంది, చంకలోంచి పెద్ద సూది, దారం వేలాడుతున్నాయి.

బావమరిది.

బావమరిది అక్కడుంటే...

సైరన్ భుజం మీది బరువు కదిలింది. మెడ మీద వెచ్చగా గాలి తగిలింది. ఒకసారి... ఇంకోసారి.

నోట్లోంచి టార్చి జారి మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది. దెయ్యాలు లేవని స్టేషన్ అదిరిపోయేలా చెప్పే మనిషి, గోడకి వీపు ఆనించి, చిన్నప్పుడు తల్లి నేర్పిన దండకం కోసం వెతుక్కున్నాడు. ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

చెవి పక్కనే గుసగుస.

"బాబూ..."

సైరన్ కళ్ళు మూసుకున్నాడు.

"మెల్లిగా, బాబూ... కాలు విరిగింది."

దెయ్యాలకి కాళ్ళు విరగవు. ఆ సంగతి తట్టగానే సైరన్‌కి భయం పోయింది. దాని స్థానంలో వచ్చినది భయం కంటే చెడ్డగా ఉంది. ఇది దెయ్యమే అయితే బాగుండునని, ఇరవై రెండేళ్ళలో మొదటిసారి మనసారా కోరుకున్నాడు.

"ఎ... ఎవరు నువ్వు?"

"ఈ లాడ్జి వాచ్‌మన్నే. పాత వాచ్‌మన్ని. వెనక తలుపు చెవి నా దగ్గర ఉండిపోయింది... చోటు లేక పడుకుందామని వచ్చి, లోపల గడియ వేసుకున్నాను. మూడో అంతస్తులో చీకట్లో అడుగు వేస్తే... నేల లేదు బాబూ. ఎవరో కోసేశారు."

సైరన్ ఒక మెట్టు దిగాడు. ఇంకో మెట్టు. ఇప్పుడు ప్రతి మెట్టూ చూసుకుని దిగుతున్నాడు. భుజం మీది మనిషి నిజంగానే ఏ బరువూ లేడు. ఎముకలు తగులుతున్నాయి.

"అరిస్తే వస్తారనుకున్నా. అరిచిన కొద్దీ పారిపోయారు. ఎందుకో మరి... మూలన బక్కెట్లో నీళ్ళున్నాయి గనక బతికాను. ఆ బక్కెట్టు వదిలేసి వెళ్ళినవాళ్ళెవరో, చల్లగా ఉండాలి."

పొగ కోసం కాల్చే గుడ్డలు ఆర్పడానికి పెట్టిన బక్కెట్టు అది. డ్రిల్లు అయ్యాక ఖాళీ చేసి తీసుకురావాలి. అదీ మర్చిపోయారు.

"ఆ ఎదురింటి అమ్మ మాత్రం కిటికీ కింద నిలబడి చెప్పేది. ఫైరోళ్ళకి చెప్పానయ్యా, బావమరిది అంటున్నారు, పడుకోమంటున్నారు, అని..." ముసలాయన కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "ఆ బావమరిది పైనే ఎక్కడో చిక్కుకుపోయి ఉంటాడు. నాకు కనబడలేదు. ఆయన్ని కూడా దించారా, బాబూ?"

సైరన్ ముసలాయన్ని భుజాన సర్దుకుని, మిగిలిన మెట్లు దిగాడు.

కింద డ్రైవర్ స్ట్రెచర్ పరిచి నిలబడ్డాడు. టైలరమ్మ నీళ్ళ చెంబుతో వచ్చింది. సైరన్ మొహంలోకి చూసి, చూపు తిప్పుకుని, ముసలాయన తల ఎత్తి నీళ్ళు తాగించింది. చుట్టుపక్కల తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. మూడు రాత్రులు చెవుల్లో దూది పెట్టుకున్న ధైర్యశాలులంతా బయటికి వచ్చి, మాకు ముందే అనుమానం వచ్చిందని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారు.

మర్నాడు పదింటికి పైఆఫీసరు వచ్చాడు. రాత్రి ఒక ప్రాణం కాపాడారట కదా అని భుజం తట్టాడు. కుర్రాళ్ళు నేల చూశారు. ఆఫీసరు రిజిస్టర్ తెరిచి, నిన్నటి వరస చదివి, మెచ్చుకోలుగా తల ఊపి, వేలు పైకి జరిపాడు. ఒక ఖాళీ గడి. దాని పైన ఇంకోటి. వెనక పేజీలు తిప్పాడు.

"ఏమిటయ్యా ఇది? అన్ని చోట్లా బావమరిది, బావమరిది... ఎవరీ బావమరిది?"

చెప్పడానికి బొమ్మ ఉంది. సెలవుకి ముందు టైలరమ్మకి కుట్టడానికి ఇచ్చినదాన్ని డ్రైవర్ పొద్దున్నే తీసుకొచ్చి గోడవారన కూర్చోబెట్టాడు, చంకలో కొత్త కుట్టుతో. వేలు చూపిస్తే సరిపోయేది. గదిలో అందరూ సైరన్ ఆ మాటే అంటాడనుకున్నారు.

ఆయన హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టాడు.

"నేనేనండీ" అన్నాడు. ఆ గొంతు గది దాటి వినబడలేదు.