గడప దాటని అమ్మ

తెల్లవారుజామున వంటింట్లో మొక్కజొన్న పిండి ఉడికిస్తూ రోసెట్ కూనిరాగం తీస్తోంది. పెళ్లయి పంతొమ్మిది రోజులు. కుండలో బుడగ పొంగి టప్పుమన్నప్పుడల్లా ఆమెకు నవ్వొస్తోంది. బయట పడవకు రంగు వేస్తున్న భర్త ఆల్బన్ మంచినీళ్లకని అప్పటికే మూడుసార్లు లోపలికి వచ్చాడు.

"పెళ్లికి ముందు నీకింత దాహం లేదురా," అంది తల్లి యూలీనా.

మాట సరదాగానే ఉన్నా, ఆమె కళ్లకింద నల్లటి చారలు. చనిపోయిన తన తల్లి మళ్లీ కలలోకి వచ్చింది. పెద్దలు అలా వస్తే ఆకలితో ఉన్నట్టే. ఇష్టమైనవి వండి, గదిలో బల్లమీద పళ్లెం పెట్టి పిలవాలి. ఈ ఏడాది రెండుసార్లు పిలిచారు. అయినా ముసలామె కలలో గడప దగ్గరే నిలబడి చూస్తోంది.

మధ్యాహ్నం మూడోసారి బల్లమీద తెల్లగుడ్డ పరిచి, పిండిముద్దలు, కందులు, చేప, గ్లాసులో రమ్ము పెట్టారు. యూలీనా గుమ్మంలో నీళ్లు చల్లి ఇంగ్లీషులో పిలవబోయింది.

"అత్తయ్యా, అమ్మమ్మగారికి ఇంగ్లీషొచ్చా?" రోసెట్ ఆగలేక అడిగింది.

"రాదు. మా పాతవాళ్ల భాష, పాట్వా ఒక్కటే."

"మరి మీరు పిలిచేది ఆవిడకెలా తెలుస్తుంది?"

"పాట్వాలో పిలువమ్మా," అన్నాడు ఆల్బన్. "ఇప్పుడది బళ్లో నేర్పుతారట. అది నేర్పేవాళ్లకోసం బడివాళ్లు వెతుక్కుంటూ మనింటికొస్తే, నువ్వేమో రాదని చెప్పి పంపేశావు."

"చెప్పుల్లేనివాళ్ల భాష. నాకెందుకు?"

"ఆ చెప్పుల్లేనావిడే నిన్ను కన్నది."

యూలీనా చేతిలోని నీళ్ల గ్లాసు కింద పెట్టింది. మెల్లగా గడపమీద కూర్చుంది.

"తొమ్మిదేళ్లప్పుడు ఆ భాష మాట్లాడానని టీచరు కొట్టింది. ఆ సాయంత్రమే అమ్మకు చెప్పాను, ఇక నాతో ఆ మాటలు మాట్లాడొద్దని. ఆమెకు ఇంకో భాష రాదు కదా. పోయేదాకా నాకు సైగలతోనే అన్నం పెట్టింది." వెనక్కి తిరిగి బల్లమీది పళ్లెం వైపు చూసింది. "ఇప్పుడూ నా మాటే వింటోందిరా. అందుకే లోపలికి రావట్లేదు."

యూలీనా లేచి మళ్లీ నీళ్లు చల్లింది.

"వినీ, మమా," అంది చిన్నపిల్ల గొంతుతో. రా అమ్మా అని. ఆ తర్వాత యాభై ఏళ్ల మాటలు ఒక్కసారిగా వచ్చాయి. మిగతా ఇద్దరికీ అర్థం కాలేదు. క్షమించమని అడుగుతోందని మాత్రం తెలిసింది.

మర్నాడు యూలీనా ఆలస్యంగా లేచింది.

"వచ్చారా?" అంది రోసెట్.

"వచ్చింది. తిన్నది." యూలీనా కళ్లు తుడుచుకుంది. "కోడలు పిండి సరిగ్గా కలపలేదు, అన్నీ ఉండలే అని తిట్టింది."

"ఏమని తిట్టారో నాకూ నేర్పండి, అత్తయ్యా."