కటీఫ్

అయిదో తరగతిలో నలభై మంది పిల్లలు నుదుటికి కునుకుపట్టీలు కట్టుకుని నిటారుగా కూర్చున్నారు. ఎనిమిది గంటల నిద్ర చేసే పనిని ఆ పట్టీ పావుగంటలో చేసేస్తుంది. చదివినది ఒక్క అక్షరం పోదు, కాబట్టి రాత్రుళ్లు కూడా పాఠాలే. నాలుగేళ్ల క్రితం క్యూలో నిలబడి మరీ ఇదే తరగతిలో ఉన్న కూతురు సౌగంధికి పట్టీ కట్టించింది వకుళ టీచరు. ఇప్పుడు దాన్ని చూస్తేనే మొహం తిప్పేసుకుంటోంది.

ఏడు నెలల క్రితం సౌగంధి పట్టీ పీకేసిందని వకుళ దాని చెంప పగలగొట్టింది. పిల్ల చిటికెన వేలు చూపించి "కటీఫ్" అంది. పిల్లల కటీఫులు తెల్లారేసరికి పోతాయిలే అనుకుంది వకుళ. కానీ నిద్రే లేని పిల్లకు తెల్లారేదెక్కడ? నేర్చిన ఎక్కం ఎంత పచ్చిగా ఉందో, తిన్న దెబ్బా అంత పచ్చిగానే ఉండిపోయింది. ఆకలేసినా తల్లితో మాట్లాడకుండా "అమ్మమ్మా, మా అమ్మని అన్నం పెట్టమను" అంటుంది. తరగతిలో కటీఫ్ చెప్పుకున్న పిల్లలెవరూ మళ్లీ కలవలేదు.

"చూశారా టీచర్ గారూ, ఒక్కళ్లూ ఏదీ మర్చిపోరు!" పట్టీల పర్యవేక్షకుడు చెంచురామయ్య మురిసిపోయాడు.

"అదేనండీ నా ఏడుపు," అని వకుళ జరిగినదంతా చెప్పింది.

"ఓస్, ఇంతేనా! దానికీ ఓ పాఠం ఎక్కించేద్దాం." పట్టీలకు పాఠాలు పంపే చేతిలోని పలక మీద ఏదో నొక్కాడు.

పావుగంటకి నలభై మందీ ఒక్కసారిగా లేచారు. తలా రెండు వేళ్లు చాపి, ఒకే గొంతుతో "దోస్తీ" అన్నారు. సౌగంధి తల్లి ముందుకొచ్చి నిలబడింది.

"అమ్మా, దోస్తీ."

ఏడు నెలలుగా వకుళ ఆ మాట కోసమే కాచుకుని ఉంది. తీరా వస్తే ఎవరో నమిలి ఉమ్మిన ముద్దలా ఉంది. చెంచురామయ్య మీదా, తన మీదా అసహ్యంతో ఒళ్లు మండి, ఆ పాఠం కుదురుకునే లోపే పిల్ల నుదుటి పట్టీ లాగి పారేసింది.

సౌగంధి రెప్పలార్పింది. మొహం ఎర్రబడింది. చిటికెన వేలు లేచింది.

"కటీఫ్!"

"అలాగేనమ్మా, కటీఫే," వకుళ కళ్లు తుడుచుకుంది. "కాసేపు పడుకో, రా."

కింద కూర్చుని పిల్లను ఒడిలోకి లాక్కుంది. సౌగంధి పెనుగులాడలేదు. కళ్లు ఇంతలేసి చేసుకుని చాలాసేపు పడుకుని ఉండి, చివరికి చెంచురామయ్య వైపు తిరిగింది.

"సార్, నిద్రపోవడం ఎలాగో మా అమ్మని చెప్పమనండి."

చెంచురామయ్య గబగబా పలకలో వెతికాడు. ఆ పాఠం అందులో లేదు.