దాలినాయుడి ముందు లాకరు

కొండచరియ విరిగిపడిన మర్నాడు తప్పిపోయిన మేకను వెతుకుతున్న కిల్లో సుక్రకు ఒక టైరు కనిపించింది. రాళ్ల మధ్య కొత్తగా తెరుచుకున్న చీకట్లో అది నిలబడి ఉంది. సుక్ర లోపలికి పోలేదు. ఒక రాయి తీసి విసిరాడు. లోపల రేకు మోగింది.

అనంతగిరి కొండల్లో ఆ రేకు కోసం తిరిగి తిరిగి చెప్పులరగదీసినవాళ్లు చాలామంది. సుక్ర చిన్నతనంలో దాలినాయుడనే మనిషి కలప కాంట్రాక్టరు బండి తోలేవాడు. ఒక తుఫానులో చిక్కుకుని బండిని ఏదో గుహలోకి తోలేసి, తాను నడిచి ఊరు చేరాడు. అతని వెనకే గుహ నోరు మూసుకుపోయింది. దాలినాయుడికి చలిజ్వరం పట్టుకుంది. పోయేముందు మంచం చుట్టూ చేరినవాళ్లతో ఒక్క మాట అన్నాడు.

"బండి పోతే పోయింది. ముందు లాకరు మాత్రం బంగారం."

లాకరు అన్నాడు, బంగారం అన్నాడు. కొండకింది ఊళ్లకు అది చాలింది. కాంట్రాక్టరు తన బంగారమంతా బండి ముందుభాగంలో పెట్టెకట్టి దాచాడని అందరూ అనుకున్నారు.

సుక్ర ఈ సంగతి నూకాలుకు చెప్పాడు. నూకాలుది శృంగవరపుకోట. కొండ సంతల్లో పసుపూ అల్లమూ బండికెత్తుకుని కిందికి దింపుతుంది. మిలిటరీ వేలంలో కొన్న పాత బండి ఆమెది, నాలుగు చక్రాలూ లాగేది. సుక్ర పసుపు బస్తాను ఆమె ఏనాడూ తూకంలో తగ్గించలేదు. అందుకే ఆమెకు చెప్పాడు. ఆమె తన తమ్ముడు చిన్నంనాయుడికి చెప్పింది. అతనికి మరమ్మతుల షెడ్డు ఉంది. గునపం, జాకీ, రెంచీల సంచీ బండిలో వేసుకుని అతను సిద్ధమైపోయాడు.

"వాటాలెలాగప్పా?" అన్నాడు దారిలో అక్కతో.

"ముందు దొరకనీరా."

"నాకో వాటా, మేకకో వాటా," అన్నాడు వెనక కూర్చున్న సుక్ర. "అది తప్పిపోబట్టే కదేటి."

"మేక దొరికిందా?"

"దొరకనేదు. దాని వాటా కూడా నాదే."

బండి ఎర్రగెడ్డలో దిగింది. కొండల్లో వాగును గెడ్డ అంటారు. దారి వేరే లేదు, గెడ్డలో రాళ్లమీదనే ఎగువకు పోవాలి. చోటుచోటా ముందు చక్రం ఒకటి గాల్లోకి లేచి ఊరికే తిరిగేది. రెండోది రాతిమీదే ఉండి కదిలేది కాదు. నూకాలు పళ్లు బిగించి బండిని వెనక్కి దొర్లించి, ఇంకో పక్కనుంచి ఎక్కించేది. అలా ఎక్కించి ఎక్కించి గుహ ముందు నిలిపేసరికి ఆమె జాకెట్టు చెమటకు తడిసిపోయింది.

గుహ లోపల సున్నపురాయి మైనంలా జారి గడ్డకట్టి ఉంది. టార్చి వేస్తే గోడలు తెల్లగా మెరిశాయి. గబ్బిలాలు ఒక్క రెక్కగా లేచి బయటికి పోయాయి. మధ్యలో, దుమ్ము దుప్పటి కప్పుకున్నట్టు, దాలినాయుడి బండి.

నూకాలు దాని చుట్టూ తిరిగింది. "మన బండే ఇది. మన బండికి అన్న."

నిజమే. అదే కంపెనీ, అదే కాలం, అదే మిలిటరీ రంగు.

చిన్నంనాయుడు వినిపించుకోలేదు. గునపంతో తలుపు పెకిలించాడు. లోపల సీటు స్ప్రింగులు, ఎలుకల గూళ్లు. డ్యాష్‌బోర్డు ఊడబెరికాడు. సీటు కింద ఇనుప తొట్టి తెరిచాడు. గోనెగుడ్డలో గ్రీజు పూసి చుట్టిన ఇనుప సామానొకటి ఉంది. పక్కన పడేశాడు. పెట్టె లేదు.

"అప్పా, ఇక్కడేదో రాసుంది," అన్నాడు చివరికి.

గేరు రాడ్డు పక్కన చిన్న మీట ఉంది. దాని కింద రేకుమీద తెల్ల పెయింటుతో వంకర అక్షరాలు: ముందు లాకరు. పైన 'పట్టు', కింద 'వదులు'.

ముగ్గురూ ఆ అక్షరాలు చూశారు. నూకాలుకు ముందు నవ్వొచ్చింది. ఆమె నవ్వు గుహ చివరిదాకా పోయి తిరిగి వచ్చింది.

"ఏటప్పా? ఏటయింది?" అన్నాడు సుక్ర.

"బంగారం పెట్టుకునే లాకరు కాదు సుక్రా. ముందు ఇరుసులో పెట్టే లాకరు. ఒక చక్రం గాల్లోకి లేస్తే బలమంతా దానికే పోతాది, రెండోది సచ్చినట్టు పడుంటాది. లాకరు పట్టిందంటే రెండూ కలిసే తిరగాల. రాతిమీదున్నది లాగీస్తాది."

"మరి బంగారమన్నాడు?"

"నీ మేక బంగారమని నువ్వనవేటి? అలాగే."

సుక్ర తల ఊపాడు. "నా మేక ఇలాగ దాక్కోదు."

చిన్నంనాయుడికి నవ్వు రాలేదు. "నాను మెకానిక్కుని. రోజూ అదే ఇనుము. నాకు తట్టనేదు సూడు," అన్నాడు. సిగ్గు కోపమైంది. ఇంకెక్కడో పెట్టె ఉండే ఉంటుందని గునపం ఎత్తి బానెట్టుమీద బలంగా కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

గుహ కప్పు కదిలింది.

"వద్దురా, ఆపు," అని నూకాలు అనేలోపే పైనుంచి రాయి ఊడిపడింది. ముందు చక్రం దగ్గర వంగి టార్చి పట్టుకున్న సుక్ర కాలిమీద, మోకాలికి దిగువన పడింది. అతను అరవలేదు. కూర్చుండిపోయాడు.

జాకీ పెట్టి రాయిని లేపి కాలు బయటికి తీశారు. ఎముక విరిగింది. చీర చించి, సీటు పలక ఊడదీసి కట్టుకట్టింది నూకాలు. పాదం పట్టుకుని చూసింది. చల్లగా ఉంది.

"నా కాలు ఉందేటి?" అన్నాడు సుక్ర. "తెలీట్లేదు."

"ఉంది. పడుకో."

బయటికి వచ్చేసరికి గెడ్డ రంగు మారింది. ఎగువన ఎక్కడో వాన పడింది. తాము వచ్చిన రాళ్లు కనిపించడం లేదు. ఎర్రటి నీరు దుంగలు మోసుకుంటూ దిగుతోంది. కిందికి దారి పోయింది. మిగిలింది ఒక్కటే. గుహ పక్కనుంచి కలపబండ్లు ఎక్కిన పాత బాట, గట్టుపైకి. ఆవల తారురోడ్డు, ఆసుపత్రి.

నూకాలు బండి ఆ బాట మొదటి మెట్టే ఎక్కలేదు. రాయి తడిగా ఉంది. ముందు చక్రం ఒకటి లేచి తిరిగింది. రెండోది చూస్తూ ఊరుకుంది. మూడుసార్లు చూసి ఇంజను ఆపేసింది.

చిన్నంనాయుడు గుహలోకి పరుగెత్తాడు. వచ్చేటప్పుడు గోనెగుడ్డ మూట తెచ్చాడు. విప్పితే లోపల పళ్లచక్రాల జత, గ్రీజులో కొత్తదానిలా మెరుస్తూ.

"ఇదీ లాకరేనప్పా. ఆటోమేటిక్. మీటా గీటా అక్కర్లేదు, తనంతట తనే పట్టుకుంటాది. మన ఇరుసు మధ్య డిఫరెన్షియల్లో లోపలి పళ్లు తీసీ ఇది పెట్టీడమే. ఆ మీటది కావాలంటే దాలినాయుడి ఇరుసులోంచి మొత్తం దింపి, మనదీ దింపి, మార్చాల. పైగా మీట తీగ తుప్పట్టి తెగిపోయింది. సుక్ర అంతసేపు ఆగుతాడా?"

నూకాలు ఆ పళ్లను అరచేతిలో తిప్పి చూసింది. ఒక్క పన్నూ విరగలేదు.

"పాడయితే పారేసేవోడు," అంది. "దాసేడంటే బాగుందనే. బాగున్నదాన్ని ఎందుకు తీసీసినాడ్రా?"

"ఎవరికి తెలుసు? పోయినోణ్ని అడుగుతావేటి?"

"బాటనడుగుతాను. నువ్వీలోపు మన బండి ఎత్తి చక్రాలిప్పు. ఏది పెట్టినా అది తప్పదు కదా."

ఆమె బాటపైకి నడిచింది. రాతి మెట్లు నిటారుగా ఉన్నాయి, కానీ సూటిగా ఉన్నాయి. వాటిని ఏ లాకరైనా ఎక్కిస్తుంది. వాటిపైన బాట కుడికి మడత తిరిగింది. ఎడమ పక్క లోయ. అడుగున చెట్ల తలలు కనిపించాయి. మడత అంచున ఎవరో అడ్డంగా మద్ది దుంగ వేశారు. సగం పుచ్చిపోయింది. నూకాలు దానిమీది నాచు గీకింది. కింద గాట్లు. గాటు పక్కన గాటు, అన్నీ ఒకే ఎత్తున. బంపరు ఎత్తున.

ఆమె స్టీరింగు పట్టుకున్నట్టు చేతులు పెట్టి, మడత వైపు చూసి నిలబడింది. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. రెండిటినీ కట్టేస్తే బండి తిరగదు. ఎంత తిప్పినా ముందుకే తోసుకుపోతుంది. చదును నేలమీదైతే ఆటోమేటిక్కు మలుపు తెలుసుకుని వదులుతుంది. ఇక్కడ ఇంజను మొత్తం బలంతో లాగుతూ తిరగాలి. బలం ఉన్నంతసేపూ అది వదలదు. దాలినాయుడి బండి ఇక్కడ ఎన్నిసార్లు సూటిగా పోయిందో దుంగమీద ఉంది.

కిందికి వచ్చి, "మీటదే," అంది.

"అప్పా, ఆలీసమయిపోతాది."

"ఇది పెడితే మడత దాకా తొరగా ఎల్తాం. అక్కణ్నించి ఇంకా తొరగా ఎల్తాం, లోయలోకి. దుంగ పుచ్చిపోయిందిరా ఇప్పుడు."

చిన్నంనాయుడు రెంచీల సంచీ అందుకున్నాడు. తన గునపం దెబ్బకే సుక్ర కాలు పోతోందని అతనికి తెలుసు. చిన్న పనైతే బాగుండునని మాత్రం అనుకున్నాడు.

ఇద్దరూ రెండు బండ్ల కింద దూరారు. నట్లు తుప్పుతో అతుక్కుపోయాయి. డీజిలు పోసి, సుత్తితో తట్టి, రెంచీకి గొట్టం తొడిగి వేలాడారు. దాలినాయుడి ఇరుసు తెరవగానే నల్లటి నూనె కారింది. లోపలి పళ్లు తడిగా ఉన్నాయి. ఆ నూనే వాటిని కాపాడింది. లాకరున్న ఇనుప దిమ్మను ఇద్దరూ పొట్టలమీద పెట్టుకుని, పాకుతూ దింపారు. తమ ఇరుసులో కూర్చోబెట్టారు. పాత నూనెనే డబ్బాలో పట్టి మళ్లీ పోశారు. మధ్యమధ్య నూకాలు లేచిపోయి సుక్ర నోట్లో నీళ్లు పోసి, పాదం పట్టుకుని వచ్చేది. వచ్చి మళ్లీ రెంచీ పట్టేది.

మీటకు తీగ లేదు. చిన్నంనాయుడు బస్తాలు కట్టే ఇనుప తీగ తీసి లాకరు కొక్కేనికి ముడివేశాడు. రెండో కొన తువ్వాలు చుట్టిన చేతికి మెలిపెట్టుకున్నాడు. ముందు మడ్‌గార్డుమీద బోర్లా పడుకున్నాడు.

"నాను లాగితే లాకరు పట్టుకుంటాది. ఒగ్గితే స్ప్రింగు ఇడిపిస్తాది. నువ్వు చెప్పు, నాను చేస్తాను."

"పడిపోతావురా."

"పడితే నువ్వు ఎక్కీకు. అదొక్కటీ సూసుకో."

సుక్రను వెనక బస్తాలమీద పడుకోబెట్టి తాళ్లతో కట్టారు. నూకాలు మొదటి గేరు వేసింది.

"లాగు."

లోపల ఇనుము ఇనుమును పట్టుకున్న చప్పుడైంది. కుడి చక్రం గాల్లోకి లేచింది. ఎడమ చక్రం రాతిని కరిచి బండిని మొత్తం పైకి ఈడ్చింది. ఒక మెట్టు. ఇంకో మెట్టు. రాళ్లు కిందికి దొర్లాయి. చిన్నంనాయుడి ముఖంమీద బురద కొట్టింది. తీగ వదల్లేదు.

మడత వచ్చింది. నూకాలు స్టీరింగు కుడికి తిప్పింది. స్టీరింగు రాయిలా బిగుసుకుంది. బండి ముక్కు దుంగవైపే పోతోంది.

"ఒగ్గీ."

"ఒగ్గీసినానప్పా. ఇడట్లేదు."

తీగ వదులుగా వేలాడుతోంది. లాకరు మాత్రం పట్టే ఉంది. బంపరు పుచ్చు దుంగకు ఆనింది. దుంగ మెత్తగా నలిగింది.

నూకాలుకు అప్పుడు అర్థమైంది. పళ్లమీద బలం ఉన్నంతసేపూ మీటదైనా విడదు. కాకపోతే దీన్ని విడవమని అడగొచ్చు. అడగాలంటే కాలు తీయాలి. ఏటవాలులో, లోయ పక్కన, యాక్సిలరేటరుమీంచి కాలు తీయాలి.

తీసింది.

బండి ఒక జానెడు వెనక్కి జారింది. సుక్రను కట్టిన తాళ్లు కిర్రుమన్నాయి. ముందు ఇరుసులో టక్కుమని చిన్న చప్పుడు. స్టీరింగు ఒక్కసారిగా తేలికైంది. నూకాలు దాన్ని చివరిదాకా తిప్పి మళ్లీ కాలు నొక్కింది. ముక్కు కుడికి తిరిగింది. వెనక చక్రం దుంగను తన్నింది. దుంగ లోయలోకి పోయింది, కిందపడిన చప్పుడు చాలాసేపటికి వచ్చింది. బండి మడత దాటింది.

"లాగు," అంది నూకాలు. తమ్ముడు తీగ లాగాడు.

చివరి ఎక్కుడు నిటారుగా ఉంది. లాకరు పట్టింది. రెండు చక్రాలూ కలిసి మట్టిని తవ్వుతూ, తవ్వుతూ, గట్టుమీదికి వచ్చాయి. ముందు గడ్డి కనిపించింది, తర్వాత ఆకాశం, ఆ తర్వాత తారురోడ్డు.

చిన్నంనాయుడు మడ్‌గార్డుమీంచి జారి దిగాడు. తువ్వాలు ఎర్రగా తడిసింది. చేయి విప్పడానికి రాలేదు, నూకాలే ఒక్కో మెలీ తీసింది. ఆటోమేటిక్కు గుహలోనే ఉండిపోయింది. అతను వెనకెక్కి సుక్ర తలను ఒళ్లో పెట్టుకున్నాడు. పాదాన్ని తన మంచి చేతిలో పట్టుకున్నాడు. అది ఇంకా చల్లగానే ఉంది.

బండి తారుమీద ఊపందుకుంది. నూకాలు ముందుకే చూస్తూ తోలింది. వెనక్కి చూడటానికి ధైర్యం చాలలేదు. రెండు ఊళ్లు దాటాయి. ఒక గుంతలో పడి బండి ఎగిరింది.

వెనకనుంచి పెద్ద కేక. ఆ వెంటే సుక్ర తిట్టాడు, కొండభాషలో ఒకటి, తెలుగులో ఒకటి.

"మెల్లగా తోలవేటమ్మా. నా కాలనుకున్నావా, అల్లం బస్తా అనుకున్నావా? ప్రాణం పోతంది నొప్పికి."

చిన్నంనాయుడు ఏడుస్తూ నవ్వుతున్నాడు. "కాలి ఏళ్లు కదుపుతున్నాడప్పా. కదుపుతున్నాడు."

నూకాలు గేరు తగ్గించింది.